పలక ఎత్తినట్టు కార్డు ఎత్తితే: ఇంగ్లీష్ క్లాసులో క్విజ్ ఆటలు, నా రెండేళ్ళ అనుభవం

మాది మార్కాపురం దగ్గర పల్లె. పలకలు తయారయ్యే ప్రాంతం. నేను మూడో తరగతి చదివేటప్పుడు మా మాస్టారు ఎక్కం అడిగి, అందరూ రాశాక "పలకలు ఎత్తండి" అనేవారు. క్లాసంతా ఒక్కసారిగా పలకలు తల మీదికి ఎత్తేది. ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో ఆయనకు ఒక్క చూపులో తెలిసిపోయేది. తప్పు రాసినవాళ్ళ పేరు పైకి చదివేవారు కాదు. మెల్లగా పక్కకొచ్చి, చెయ్యి పట్టుకుని దిద్దించి వెళ్ళేవారు.

ఇప్పుడు నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీష్ స్కూల్ అసిస్టెంట్‌ని. రెండేళ్ళుగా ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఆన్‌లైన్ క్విజ్ ఆటలతో ఇంగ్లీష్ చెబుతున్నాను. కహూట్, క్విజిజ్, ప్లికర్స్ అనే మూడింటినీ సరదాకి ఒక రోజు కాకుండా, సంవత్సరం పొడుగునా వాడి చూశాను. వేరే స్కూళ్ళ టీచర్లు "ఏది వాడమంటారు మేడమ్?" అని అడుగుతుంటారు. ఒకే ఒక్కటి మొదలుపెట్టాలనుకుంటే ప్లికర్స్ మొదలుపెట్టండి. ఎందుకో చెప్పాలంటే ముందు కహూట్ సంగతి చెప్పాలి.

కహూట్ నార్వేలో పుట్టింది. అక్కడి ఎన్‌టీఎన్‌యూ విశ్వవిద్యాలయంలో ఆల్ఫ్ ఇంగె వాంగ్ అనే ప్రొఫెసర్ చేసిన పరిశోధన దీనికి మూలం. 2013లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ప్రశ్న పెద్ద తెర మీద కనిపిస్తుంది. పిల్లల చేతిలోని ఫోన్‌లో నాలుగు రంగుల గుర్తులు ఉంటాయి: ఎర్ర త్రిభుజం, నీలం డైమండ్, పసుపు వృత్తం, ఆకుపచ్చ చతురస్రం. జవాబు ఏ రంగులో ఉందో చూసి అది నొక్కాలి. ఒప్పు జవాబుకి మామూలుగా 1000 పాయింట్ల వరకు వస్తాయి. ఎంత తొందరగా నొక్కితే అంత ఎక్కువ. వెనక సంగీతం మోగుతుంటుంది, చివర్లో మొదటి ముగ్గురినీ విజేతల మెట్ల మీద నిలబెట్టి చూపిస్తుంది.

మా స్కూల్లో ఐఎఫ్‌పీ ప్యానెల్ (పెద్ద డిజిటల్ టచ్ తెర) ఉంది కాబట్టి తెరకి ఇబ్బంది లేదు. పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు, ఉండకూడదు కూడా. హెచ్ఎం గారి అనుమతి తీసుకుని నా ఫోన్, మా వారి పాత ఫోన్, ఇంకో ఇద్దరు టీచర్ల ఫోన్లు కలిపి నాలుగు జట్లకి నాలుగు ఇచ్చాను. ఆ మొదటి రోజు సందడి నేను మర్చిపోలేను. పక్క క్లాసు లెక్కల సారు వచ్చి కిటికీలోంచి చూసి వెళ్ళారు. మరుసటి రోజు గేటు దగ్గరే పిల్లలు పట్టుకున్నారు: "మేడమ్, ఈరోజు కూడా కహూట్ ఉందా?" ఇంగ్లీష్ పీరియడ్ అంటే తల దించుకునే పిల్లలు ఇంగ్లీష్ పీరియడ్ ఎప్పుడని అడగడం చిన్న విషయం కాదు. ఆ ఉత్సాహం తెచ్చిన ఘనత కహూట్‌కి ఇవ్వాలి.

రెండు నెలలయ్యాక ఒక సంగతి గమనించాను. ఏ జట్టులో చూసినా ఫోన్ ఒకళ్ళ చేతిలోనే ఉంటోంది. జవాబు చెప్పేది ఇద్దరు. మిగతా ఎనిమిదిమంది అరవడానికి ఉన్నారు. ఇది సరికాదని ఒక రోజు ఫోన్ వంతులవారీగా తిప్పించాను. చివరి బెంచీలో గోడవైపు కూర్చునే ఒక అబ్బాయి ఉన్నాడు. హాజరు పట్టీలో అతని నంబరు 17, అందుకే ఇక్కడ పదిహేడో నంబరు అంటాను. అతని వంతు వచ్చింది. ప్రశ్న పడింది, సంగీతం మొదలైంది. వాడు తెరవైపే చూస్తున్నాడు, పెదాలు కదులుతున్నాయి. టైము అయిపోయింది. జట్టు మొత్తం "అబ్బా" అంది. తర్వాత దగ్గరికి పిలిచి, "ఏం నాన్నా, తెలియలేదా?" అని అడిగాను.

"తెలుసు మేడమ్. చదివేలోపే అయిపోయింది."

ఆ ప్రశ్నకి 20 సెకన్లు పెట్టింది నేనే. తప్పు ఆటది కాదు, నా అమరికది. ఆ రోజు ఇంటికెళ్ళాక కూడా అదే ఆలోచించాను. తెలుగు మాట్లాడే ఇంట్లో పెరిగిన పిల్లవాడు ఒక ఇంగ్లీష్ ప్రశ్న చూస్తే ముందు అక్షరాలు కూడబలుక్కోవాలి. తర్వాత దాని అర్థం తెలుగులో తట్టాలి. జవాబు ఆలోచించాలి. ఆ జవాబు నాలుగు ఇంగ్లీష్ మాటల్లో ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇంట్లో ఇంగ్లీష్ పేపరు వచ్చే పిల్లవాడికి ఇదంతా ఒక్క అడుగు, వీడికి నాలుగు అడుగులు. గడియారం పెట్టి పాయింట్లు ఇస్తే నేను కొలుస్తున్నది ఎవరు వేగంగా చదువుతారన్నదే. ఎవరికి ప్రిపోజిషన్ (ఇన్, ఎట్, టు లాంటి చిన్న మాట) వచ్చు అన్నది అందులో తేలదు. కంగారు వల్ల తెలిసింది కూడా మర్చిపోయే పిల్లలు వేరే ఉన్నారు. ఒకమ్మాయి "టెన్షన్‌కి చెయ్యి చెమట పడుతుంది మేడమ్" అంది.

కహూట్‌లో దీనికి సర్దుబాట్లు ఉన్నాయి. ఒక్కో ప్రశ్నకి టైము నాలుగు నిమిషాల దాకా పెంచొచ్చు. పాయింట్లు లేకుండా చేయొచ్చు. జట్టుగా ఆడే పద్ధతిలో నొక్కే ముందు కాసేపు మాట్లాడుకునే వ్యవధి కూడా వస్తుంది. ఇవన్నీ మొదటి రోజే చూసుకుని పెట్టుకోండి. నేను ఇప్పుడు కహూట్‌ని పాఠం మొత్తం అయిపోయాక, నెలకి ఒక్క శనివారం, పండగలా ఆడిస్తాను. రోజూ నేర్పడానికి వాడను.

క్విజిజ్ మన దేశంలో తయారైంది. 2015లో బెంగళూరులో అంకిత్ గుప్తా, దీపక్ జాయ్ చీనాథ్ మొదలుపెట్టారు. 2025లో పేరు వేగ్రౌండ్ అని మార్చారు కానీ మా పిల్లలకి ఇంకా క్విజిజే. ఇందులో ప్రశ్న, ఎంపికలు రెండూ పిల్లవాడి సొంత తెర మీదే వస్తాయి. వాడి వేగంలో వాడు వెళ్ళొచ్చు, గడియారం తీసేయొచ్చు. గడువు తేదీ పెట్టి హోంవర్క్‌గా ఇవ్వొచ్చు. ఎవరు ఏ ప్రశ్న తప్పారో టీచర్‌కి రిపోర్ట్ వస్తుంది. నెమ్మదిగా చదివేవాళ్ళకి ఇది బాగా నప్పే పద్ధతి. నేను దసరా సెలవుల్లో రోజుకి ఎనిమిది ప్రశ్నల చొప్పున ఇచ్చాను. చేసినవాళ్ళకి ఫలితం కనిపించింది.

కానీ చేసినవాళ్ళు ఎవరు? ఇంట్లో స్మార్ట్ ఫోన్ ఉండి, అది పిల్లల చేతికి ఇచ్చే తల్లిదండ్రులు ఉన్నవాళ్ళు. మా పల్లెల్లో ఫోన్ నాన్నతో పాటు పనికి పోతుంది. రాత్రి ఎనిమిదికి ఇంటికొస్తే, డేటా మిగిలుంటే, అన్న దగ్గర్నుంచి చెల్లి లాక్కోగలిగితే అప్పుడు క్విజ్. ఒక తల్లి స్కూలుకొచ్చి, "టీచరమ్మా, ఫోన్‌లో ఏదో చదువు అంటాండాది, నిజమేనా?" అని అడిగింది. నిజమేనని చెప్పాను. కానీ ఆ క్విజ్ చేయలేకపోయిన పిల్లల ముఖాలు సెలవుల తర్వాత చూశాక, ఫోన్ మీద ఆధారపడే హోంవర్క్ తప్పనిసరి చేయకూడదని నిర్ణయించుకున్నాను. ఇష్టమైనవాళ్ళకి లింకు పంపుతాను, అదే ప్రశ్నలు బ్లాక్‌బోర్డు మీద కూడా రాస్తాను.

ఒక మాట, ఇది ఏ క్విజ్ సైట్‌కైనా వర్తిస్తుంది. వేరే టీచర్లు పెట్టిన క్విజ్‌లు వేలకొద్దీ దొరుకుతాయి. ఎవరైనా పెట్టొచ్చు కాబట్టి జవాబుల్లో తప్పులుంటాయి. మంచు మనిషి, అమెరికా వాళ్ళ పండగ థ్యాంక్స్‌గివింగ్ టర్కీ కోడి లాంటివి వస్తాయి. మాట నేర్పడానికి ముందు వస్తువు నేర్పాల్సి వస్తుంది. నేను మా బస్టాండు, మా వేపచెట్టు, మా స్కూలు పంపు ఫోటోలు తీసి పెట్టుకున్నాను. "కుక్క ఎక్కడుంది?" అన్న ప్రశ్నకి మా స్కూలు గేటు దగ్గర పడుకునే కుక్కే బెంచీ కింద ఉంటే పిల్లలకి "అండర్" అన్న మాట ఇంకెప్పటికీ మర్చిపోయే అవకాశం లేదు.

ఇక ప్లికర్స్. ఇందులో పిల్లలకి ఫోన్ అక్కర్లేదు. ఒక్కొక్కరికి ఒక కాగితం కార్డు ఇస్తాం. దాని మీద క్యూఆర్ కోడ్‌లాంటి నల్లటి ఆకారం ఉంటుంది. ఏ రెండు కార్డులూ ఒకేలా ఉండవు, ఒక్కో కార్డుకి ఒక నంబరు. ఆకారానికి నాలుగు వైపులా చిన్న అక్షరాల్లో ఎ, బి, సి, డి ఉంటాయి. జవాబు బి అయితే బి పైకి వచ్చేలా కార్డు తిప్పి ఎత్తి పట్టుకోవాలి. టీచర్ తన ఫోన్ కెమెరాని క్లాసు మీద ఇటు నుంచి అటు తిప్పితే చాలు, ఎవరు ఏ జవాబు ఎత్తారో ఫోన్‌లో నమోదవుతుంది. పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడం కుదరదు. వాడి ఆకారం వేరు, అక్షరాలు మరీ చిన్నవి. క్విజిజ్‌లో కూడా ఇలాంటి కాగితం పద్ధతి తర్వాత వచ్చింది. నేను అలవాటైన ప్లికర్స్‌లోనే ఉండిపోయాను.

నలభై కార్డుల పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది. జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించాను. ఎక్కువ రోజులు మన్నాలని అన్నిటికీ లామినేషన్ చేయించాను. అక్కడే దెబ్బ తిన్నాను. ట్యూబ్‌లైట్ వెలుగు ప్లాస్టిక్ మీద పడి మెరుస్తుంటే కెమెరా సగం కార్డులు చదవలేదు. కిటికీ పక్క వరసైతే ఒక్కటీ రాలేదు. మళ్ళీ మామూలు కాగితం మీద తీయించి, వెనక పాత క్యాలెండర్ల అట్ట అంటించాం. అంటించే పని పిల్లలే చేశారు. మీరు లామినేషన్ జోలికి పోకండి. కార్డు పట్టుకునేటప్పుడు వేళ్ళు నల్ల ఆకారం మీద పడకుండా చూడమని మొదటి వారమంతా చెప్పాల్సి ఉంటుంది. నెట్ ఇబ్బంది మాత్రం ఉంది. మా క్లాసులో నా ఫోన్ హాట్‌స్పాట్‌తోనే ప్యానెల్ నడుస్తుంది, వర్షం పడితే అదీ పోతుంది. అలాంటి రోజు కార్డులు పక్కన పెట్టి నిజం పలకలే ఎత్తిస్తాను. ఉచిత ఖాతాలో ఒక్కో సెట్‌కి పెట్టే ప్రశ్నలకి హద్దు ఉంది. పన్నెండు నిమిషాల పనికి నాకు ఐదు ప్రశ్నలే ఎక్కువ కాబట్టి డబ్బు కట్టలేదు.

మొదటి నెల రిపోర్ట్ తీసి చూసిన సాయంత్రం నాకు బాగా గుర్తు. 17వ కార్డు ఎదురుగా వరసగా ఆకుపచ్చ గడులు. నంబరు తప్పు చూశానేమోనని మళ్ళీ చూశాను. తప్పు కాదు. ఏడాదిన్నరగా నేను "వెనకబడ్డాడు" అని రాసుకున్న పిల్లవాడు అడిగిన ప్రిపోజిషన్లలో ఎక్కువ భాగం సరిగ్గా చెప్పాడు. గడియారం లేదు, పక్కనుంచి అరిచేవాళ్ళు లేరు, తప్పు పెట్టినా క్లాసుకి తెలియదు. చదవడానికి వాడికి కావాల్సిన ఆ ఒకటిన్నర నిమిషం ఎవరూ లాక్కోలేదు. అదే సమయంలో గలగలా మాట్లాడే ఇద్దరు ముగ్గురి గడులు ఎర్రగా ఉన్నాయి. వాళ్ళు ఇన్నాళ్ళూ ఊహించి నెట్టుకొస్తున్నారని అప్పుడే తెలిసింది. పాఠం ఎవరి కోసం మళ్ళీ చెప్పాలో నాకు మొదటిసారి స్పష్టంగా కనిపించింది.

యాప్ ఎంత మంచిదైనా ప్రశ్న బాగాలేకపోతే లాభం లేదు. నా శ్రమలో ముప్పాతిక భాగం ఇక్కడే పోతుంది. మన పిల్లలు ఇంగ్లీష్‌లో చేసే తప్పులు వట్టిపుణ్యానికి వచ్చేవి కావు. వాటి వెనక తెలుగు విభక్తి ఉంటుంది. "ఐదింటికి బస్సు వస్తుంది" అంటాం కాబట్టి "ద బస్ కమ్స్ టు ఫైవ్ ఓ క్లాక్" అంటారు. మన "కి" ఒక్కటే ఇంగ్లీష్‌లో టు, ఫర్, ఎట్ అని చీలిపోతుంది. "కుక్కలకి భయపడతాను" కాబట్టి "అఫ్రెయిడ్ టు డాగ్స్". మన "లో" ఒక్కటే అక్కడ ఇన్, ఇంటు, ఎట్, ఒక్కోసారి బై కూడా అవుతుంది. "బస్సులో వచ్చాను" అన్నవాడు "ఐ కేమ్ ఇన్ బస్" అనకుండా ఎలా ఉంటాడు? "నాకు ఇద్దరు తమ్ముళ్ళు" అన్నది "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" అయిపోతుంది. "దాని గురించి చర్చించాం" కాబట్టి "డిస్కస్డ్ అబౌట్" వస్తుంది.

అందుకే నేను పెట్టే నాలుగు ఎంపికల్లో ఒకటి ఎప్పుడూ తెలుగులోంచి నేరుగా వచ్చే తప్పే ఉంటుంది. అది ఎంతమంది ఎత్తారో చూస్తే నా పాఠం ఎక్కడ మొదలవ్వాలో తెలుస్తుంది. వేరే దేశంలో తయారైన క్విజ్‌లో ఈ ఎంపిక ఉండదు, ఎందుకంటే అక్కడి టీచర్‌కి "ఐదింటికి" తెలియదు. ఈ ఒక్క పనీ తెలుగు పిల్లలకి చెప్పే టీచరే చేయాలి.

"అఫ్రెయిడ్" ప్రశ్న పెట్టిన రోజు జరిగింది చెప్తాను. ప్లికర్స్‌లో ఒప్పు జవాబు చూపకుండా ఎంతమంది ఏది ఎంచుకున్నారన్న గ్రాఫ్ మాత్రం తెర మీద చూపొచ్చు. చూపించాను. "టు" పొడుగ్గా, "ఆఫ్" దానికంటే కాస్త పొట్టిగా ఉన్నాయి. నేనేమీ చెప్పలేదు. "మీ పక్కవాళ్ళతో మాట్లాడుకుని మళ్ళీ ఎత్తండి, కారణం ఇంగ్లీష్‌లో ఒక్క వాక్యం చెప్పాలి" అన్నాను. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990లలో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు: ముందు ఎవరికి వాళ్ళు ఓటు, తర్వాత పక్కవాళ్ళతో చర్చ, మళ్ళీ ఓటు. మా క్లాసులో చర్చ మొదట తెలుగులోనే జరిగింది, నేను ఆపలేదు. కానీ చివర్లో "బికాజ్" అని మొదలుపెట్టాలి. "బికాజ్ అఫ్రెయిడ్ ఫ్రెండ్ ఈజ్ ఆఫ్" అని ఒకమ్మాయి చెప్పింది. వ్యాకరణం మాట అటుంచండి, అఫ్రెయిడ్‌కి నేస్తం ఆఫ్ అన్న ఆ మాట నేను పదిహేనేళ్ళుగా చెప్పిన దానికంటే బాగుంది. ఇప్పుడు మా క్లాసు గోడ మీద "నేస్తాల పట్టిక" ఉంది: అఫ్రెయిడ్-ఆఫ్, గుడ్-ఎట్, వెయిట్-ఫర్. రెండో ఓటులో "ఆఫ్" గీత పైకి లేచింది.

ఈ ఆటల వల్ల కానిది కూడా చెప్పాలి. నాలుగింటిలో ఒకటి గుర్తుపట్టడం వేరు, నోరు తెరిచి వాక్యం చెప్పడం వేరు. కార్డు ఎత్తడం వల్ల ఎవరికీ మాట్లాడటం రాదు. ఉచ్చారణ అసలే రాదు. అందుకే క్విజ్ అయిన మర్నాడు అవే ఐదు అంశాల మీద పుస్తకం మూసి ఐదు సొంత వాక్యాలు రాయిస్తాను, ఇద్దరిద్దరి చేత చెప్పిస్తాను. వారం తర్వాత అవే ప్రశ్నలు మాటలు మార్చి మళ్ళీ పెడతాను. మళ్ళీ చదవడం కంటే గుర్తు తెచ్చుకుని జవాబివ్వడం వల్ల వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చేసిన ప్రయోగాల్లో తేలింది. మా క్లాసులో నాకు కనిపించిందీ అదే. మొదట్లో మార్కులకి కలుపుతారా అని పిల్లలు అడిగారు. కలపనని చెప్పాను, ఈ రోజు వరకు కలపలేదు. కలిపిన రోజు కార్డు ఎత్తే చేతులు వణుకుతాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు వారానికి రెండు రోజులు, పీరియడ్ చివర పన్నెండు నిమిషాలతో మొదలుపెట్టండి. క్లాసులో ఫోన్ వాడటం మీద ఆంక్షలు ఉన్నాయి కాబట్టి హెచ్ఎం గారికి ముందే చెప్పి అనుమతి తీసుకోండి, ఒకసారి క్లాసుకి పిలిచి చూపించండి. మా హెచ్ఎం గారు చూసి, "ఇది మన పలకలు ఎత్తించడమే కదమ్మా" అన్నారు. అవును, అదే. కాకపోతే మా మాస్టారికి నలభై పలకలూ గుర్తుండేవి. నాకు ఈ కార్డులు గుర్తుపెడుతున్నాయి.

ఈ నెల నుంచి ప్రశ్నలు పిల్లల చేతే రాయిస్తున్నాను. తప్పు ఎంపికలు కూడా వాళ్ళే ఆలోచించాలి. పోయిన శుక్రవారం పదిహేడో నంబరు ఒక చీటీ తెచ్చిచ్చాడు. వాళ్ళ నాన్న పలకల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. "మై ఫాదర్ కమ్స్ హోమ్" అని రాసి, ఖాళీ గీత గీసి, "నైట్" అని రాశాడు. కింద నాలుగు ఎంపికలు: ఎట్, టు, ఆన్, ఫ్రమ్. చీటీ వెనక తెలుగులో ఇంకో ముక్క ఉంది: "రాత్రికి వస్తాడు అంటాం కదా మేడమ్. అందుకని చానామంది టు ఎత్తుతారు."

సోమవారం మొదటి ప్రశ్న అదే పెడుతున్నాను.